ఉదయగిరి ఛార్జరు మీది ఆకుపచ్చ చుక్క

ఎలక్ట్రిక్ కార్లకు ఛార్జింగ్ పెట్టే కంపెనీల్లో ఉద్యోగాలు పడుతున్నాయి, మీరు చేశారు కదా మేడం, ఎలా ఉంటుంది అని ఈ మధ్య పాలిటెక్నిక్ ముగించిన పిల్లలు కొందరు ఆత్మకూరులో మా ఇంటికొచ్చి అడిగారు. పని వేళలు, సెలవులు చెప్పి, కాఫీ ఇచ్చి పంపించేశాను. అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. నోటితో చెప్పలేనిది రాయడం కొంచెం తేలిక కాబట్టి రాస్తున్నాను.

ముప్పయ్యేళ్ళకు పైగా కరెంటు శాఖలో చేశాను. సబ్ ఇంజనీరుగా చేరి, ఏఈగా దిగిపోయాను. చేజర్ల, వింజమూరు, ఆత్మకూరు సెక్షన్లలో తిరిగాను. రైతులు నన్ను ఇంజనీరమ్మా అనేవాళ్ళు. కరెంటెప్పుడొస్తాది అని ఫోన్ చేస్తే, తెలిస్తే చెప్పేదాన్ని, తెలియకపోతే తెలియదనేదాన్ని. తిట్టేవాళ్ళు. తిట్టి, వేరే దారి చూసుకునేవాళ్ళు. ఆ శాఖలో నేను చేసిన పనుల్లో పనికొచ్చింది బహుశా అదొక్కటే.

రిటైరైన మూడో నెలలో ఛార్జింగ్ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా బద్వేలు పోయే దారిలో, కావలి నుంచి ఉదయగిరి మీదుగా వెలిగొండలు దాటే దారిలో ఛార్జర్లు పెడుతున్నాం, లోకల్ ఎక్స్‌పర్ట్ కావాలి అన్నారు. నా అనుభవాన్ని గౌరవించారని పొంగిపోయాను. ఏ ఆఫీసులో ఏ బల్ల మీద ఏ సంతకం ఆగుతుందో తెలిసిన మనిషి కావాలన్నదే దాని అర్థమని వారంలో తెలిసింది.

మ్యాపులో బాగుంది

నా పై అధికారి పేరు కౌశిక్. బెంగళూరులో ఉండేవాడు. ముప్పయ్యేళ్ళు నిండని మనిషి, రెండు పెద్ద డిగ్రీలు. గొంతు ఎప్పుడూ పెంచడు, మేడం అనకుండా ఒక్క వాక్యం ముగించడు. మంచివాడు. ఇబ్బందంతా అక్కడే. చెడ్డవాడైతే మొదటి రోజే పోట్లాడి ఉండేదాన్ని.

ఉదయగిరిలో స్థలం అతనే ఎంచాడు, కంప్యూటరులో. కావలి రోడ్డు మీద, ఊరి చివర, ఒక కల్యాణ మండపం పక్కన. మండపం ఒక నాయకుడి బావమరిదిది. నేను వెళ్ళి వోల్టేజి కొలిచాను. ఆ లైను చివరాఖరు అది. సాయంత్రమయ్యేసరికి ట్యూబులైటు వెలగడానికే మూలుగుతుంది. ఇక్కడ వద్దు, సబ్‌స్టేషన్ దగ్గరగా పెడదాం అని నాలుగు పేజీల నివేదిక రాసి పంపాను. జవాబుగా వాట్సాప్‌లో ఒక బొటనవేలు వచ్చింది. నా నివేదిక బాగుందని ఆ బొటనవేలి భావం. స్థలం మాత్రం మారలేదు.

ప్రారంభోత్సవం రోజు చూడాలి. ఎలక్ట్రిక్ కారు ఒకటి కావాలి కదా ఫొటోకి. ఉదయగిరిలో ఎవరికీ లేదు. నెల్లూరు నుంచి ఒకదాన్ని తెప్పించారు, లారీ మీద ఎక్కించి. నడుపుకుంటూ రావచ్చు కదా అంటే, దారిలో ఛార్జింగ్ దొరుకుతుందో లేదో అన్నారు. ఆ దారిలో ఛార్జింగ్ పెట్టాల్సింది మేమే. లైను మీద నమ్మకం లేక మండపం వెనక డీజిల్ జనరేటరు పెట్టి, చప్పుడు వినపడకుండా ముందువైపు నాదస్వరం పెట్టారు. నాయకుడు పదకొండు డీజిల్ బండ్లతో వచ్చి, పర్యావరణం గురించి మాట్లాడి, ఛార్జరు పెట్టె మీద చెయ్యేసి ఇదెంత మైలేజీ ఇస్తాది అని అడిగాడు. చాలా ఇస్తుంది సార్ అన్నాడు కౌశిక్.

గేటు పక్కనే పెంచలమ్మ అనే ఆమె టిఫిను బండి ఉండేది. మనిషి సన్నం, మాట లావు. వాళ్ళది గొర్రెలు మేపుకునే కుటుంబం. ఆమె మాత్రం దోసెలు పోసుకుంటూ రోడ్డుకొచ్చింది. జనమంతా పోయాక నా చేతికి టీ ఇచ్చి నెమ్మదిగా అడిగింది.

"ఏమ్మా, జనరేటరుకి డీజిలు పోసినారు. దాంతో కారుకి కరెంటెక్కిచ్చినారు. ఇప్పుడా కారుని మళ్ళా డీజిలు లారీలో ఎక్కిచ్చి పంపతన్నారు. ఇదేం సదువమ్మా?"

టీ తాగేశాను.

ఆత్మకూరు ఛార్జరుది వేరే కథ. అక్కడ వోల్టేజి బాగుంటుంది, మిషనూ బాగుంటుంది. కానీ పైన వేసిన రేకుల షెడ్డు ఇంకా బాగుంటుంది. ఒక పెద్దరైతు రోజూ తన పెట్రోలు కారు తెచ్చి దాని కింద పెట్టుకుని కోర్టు పనికి పోయేవాడు. ఇది ఎలక్ట్రిక్ కార్లకండీ అంటే, నీడ అందరిదీ కదమ్మా అనేవాడు. మీరు చదివే పుస్తకాల్లో ఈ సమస్య ఉండదు. దీనికి పరిష్కారం కూడా ఏ కంప్యూటరులోనూ లేదు. ఆయన భార్యకు ఫోన్ చేయడమే. చేశాను. పని జరిగింది.

టికెట్ మూయడం

ఉద్యోగంలో చేరితే మీకెవరూ చెప్పని విషయం ఒకటి చెబుతాను. ఛార్జరు పెట్టెలో రెండు ప్రాణాలుంటాయి. ఒకటి కారుకు కరెంటు పంపే భాగం. మా మిషన్లలో దానికి నాలుగు మాడ్యూళ్ళు, అంటే నాలుగు బరువైన పెట్టెలు. రెండోది అరచేయంత మోడెం, అందులో ఒక సిమ్ము. అది నిమిషనిమిషానికీ నేను బతికే ఉన్నానని బెంగళూరుకు కబురు పంపుతుంటుంది. నాలుగు మాడ్యూళ్ళూ కాలి బూడిదైనా సిమ్ము కబురు పంపుతూనే ఉంటుంది. ఛార్జర్లు ఎక్కడున్నాయో జనానికి చూపించే మా యాప్ వినేది సిమ్ము మాటే. సిమ్ము పలికితే మ్యాపులో ఆకుపచ్చ చుక్క. ఆ చుక్కను చూసే జనం పిల్లల్ని ఎక్కించుకుని కొండలు దాటి వస్తారు.

మిషను చెడితే ఎవరో ఫిర్యాదు చేస్తారు. దాన్ని టికెట్ అంటారు. టికెట్ తెరిచి ఉన్నంతకాలం కౌశిక్ తెర మీద ఎర్రగా కనపడుతుంది. ఎర్రగా కనపడితే అతని పైవాళ్ళు అతన్ని అడుగుతారు. అతను నన్ను అడుగుతాడు, ఎంతో మర్యాదగా.

"మేడం, రీసెట్ చేస్తే ఆన్ అయింది కదా. అయితే క్లోజ్ చేసేయండి. మళ్ళీ ప్రాబ్లం వస్తే కొత్త టికెట్ వస్తుంది."

ఎంత సబబుగా ఉందో చూడండి. మాడ్యూలు బెంగళూరు నుంచి రావడానికి వారాలు. టికెట్ మూయడానికి అరనిమిషం. మొదటిసారి అలా ఎప్పుడు మూశానో నాకు గుర్తులేదు. పెద్ద తప్పు చేస్తున్నప్పుడు చెయ్యి వణుకుతుందని అనుకుంటాం. నా చెయ్యి వణకలేదు. టీ తాగుతూ మూసి ఉంటాను.

ఏడాది తిరిగేసరికి ఉదయగిరిలో లైను హెచ్చుతగ్గులకు మూడు మాడ్యూళ్ళు పోయాయి. నాలుగోది తన ఇష్టం. ఒకరోజు కొద్దిగా ఇచ్చేది, పది రోజులు మొండికేసేది. చుక్క మాత్రం ఒక్కరోజు రంగు మారలేదు. మా నెట్‌వర్కు నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు పనిచేస్తోందని కంపెనీ పండగ చేసుకుని మాకందరికీ టీషర్టులు పంపింది. నాకు రెండు సైజులు చిన్నది వచ్చింది.

పది నిమిషాలు

ఒక ఆదివారం పొద్దున పదింబావుకు పెంచలమ్మ ఫోన్ చేసింది. మిషను దగ్గర భార్యాభర్తలున్నారని, ఆమెకు కావలిలో పరీక్షని, కారుకు కరెంటు ఎక్కడం లేదని చెప్పి ఫోను అతనికిచ్చింది.

అతని పేరు సురేశ్. ప్రొద్దుటూరు నుంచి తెల్లారకముందే బయల్దేరారు. భార్య సుజాత ప్రైవేటు స్కూల్లో టీచరు. టీచరు పోస్టుల పరీక్షకు ఆమెకు కావలిలో సెంటరు పడింది. ముందురోజే రావడానికి స్కూలువాళ్ళు సెలవివ్వలేదు. మధ్యాహ్నం ఒకటిన్నరకు గేటు మూస్తారు. వెలిగొండలు ఎక్కేసరికి బ్యాటరీ పన్నెండు శాతానికి దిగింది. ఉదయగిరిలో ముప్పావుగంట ఛార్జింగ్ పెట్టుకుంటే హాయిగా చేరిపోతామని యాప్ లెక్క వేసి మరీ చెప్పింది.

ఆ మిషను ఆరు రోజులుగా ఒక్క కారుకూ ఎక్కించలేదని నాకు తెలుసు. ముందురోజు సాయంత్రమే దాని టికెట్ మూశాను.

నేను ఆత్మకూరులో ఉన్నాను. అక్కడికి వెళ్ళాలంటే గంటకు పైనే పడుతుంది. అప్పుడు నేనన్న మాట ఇది: "పది నిమిషాలివ్వండి సార్. ఇక్కడి నుంచి రీసెట్ చేస్తాను."

నాలుగో మాడ్యూలు కరుణించకపోతుందా అని నా ఆశ. ఆశ కూడా కాదు, నిజం చెప్పడానికి సిగ్గు. ఫోన్లో బస్సు హారను వినిపించింది. అది కావలి బస్సు. ఆ దారిలో అన్నేళ్ళు తిరిగినదాన్ని, ఏ వేళకు ఏ బస్సో నాకు తెలియనిది కాదు. ఎక్కెయ్యండి అనాల్సింది. అనలేదు. బస్సు వెళ్ళిపోయింది.

మొదటి రీసెట్‌కు తెర మీద లోడింగ్ సున్నా తిరిగి ఆగిపోయింది. రెండోదానికీ అంతే. ఈలోపు సురేశ్ కంపెనీ హెల్ప్‌లైనుకు చేశాడు. ఎక్కడో కూర్చున్న అమ్మాయి కారు ఆపి మళ్ళీ స్టార్టు చేయమంది. యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమంది. మా సిస్టంలో ఛార్జరు బాగానే చూపిస్తోంది సార్ అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. నేను రాసిందే చదివింది.

మూడో రీసెట్‌కు మిషను పనిచేసింది. నాలుగు నిమిషాలు. పన్నెండు కాస్తా పదమూడయింది. సురేశ్ ఎక్కుతోంది మేడం అని గట్టిగా అన్నాడు. నాకు చెమటలు పట్టాయి, సంతోషంతో. అంతలోనే ఆగిపోయింది. ఆ నాలుగు నిమిషాల ఆశ వాళ్ళను ఇంకో అరగంట అక్కడే నిలబెట్టింది. మిషను పూర్తిగా చచ్చి ఉంటే వాళ్ళు ఎప్పుడో వేరే దారి చూసుకునేవాళ్ళు. సగం బతికిన మిషనే మనిషిని ముంచుతుంది.

పదకొండు ముప్పావుకు పెంచలమ్మ ఫోను లాక్కుంది.

"ఇంజనీరమ్మా, నిజం చెప్పు. ఇది ఎక్కతాదా, ఎక్కదా?"

చూస్తున్నాను పెంచలమ్మా అన్నాను.

"నువ్వు చూసింది చాల్లే. ఆరు దినాలుగా దీనికాడ ఒక్క బండన్నా కదిలింది లేదు. నాకు తెలుసు, నీకూ తెలుసు. ఈ బిడ్డకే తెలీదు."

ఫోను పెట్టేసింది.

తర్వాత జరిగింది ఆమె చెప్పగా విన్నాను. దగ్గర్లో కారు ఏదీ దొరకలేదు. పెళ్ళిళ్ళ రోజు, అద్దె బండ్లన్నీ పోయాయి. పెంచలమ్మ తమ్ముడు కొండయ్య మినీ లారీలో పొట్టేళ్ళు ఎక్కించుకుని కావలికి బయల్దేరుతున్నాడు. ఆమె అడ్డం వెళ్ళి ఆపి, సుజాతను ముందు సీట్లో కూర్చోబెట్టింది. సురేశ్ కారు దగ్గరే ఉండిపోయాడు. కొండయ్య దుత్తలూరు, వింజమూరు దాటించి, వెనక పొట్టేళ్ళు ఒకదానిమీదొకటి పడుతున్నా ఆపకుండా తోలాడు. సెంటరు ముందు బండి ఆగేసరికి గేటు మూసి ఏడు నిమిషాలయింది.

కొండయ్య దిగి గేటు దగ్గర పోలీసాయన్ని బతిమాలాడట. లోపల నుంచి ఎవరో వచ్చి రూలు చూపించారట. సుజాత హాల్‌టికెట్ మడిచి సంచిలో పెట్టుకుంది. ఏడవలేదు. "నీ జీవాలకు ఎండ తగలతాంది, నువ్వు పోన్నా" అందట.

ఆ పరీక్ష రాయడానికి వయసు లెక్కన ఆమెకదే ఆఖరి అవకాశమని సురేశ్ ఆ సాయంత్రం నాకు ఫోన్లో చెప్పాడు. కోపంగా చెప్పలేదు. కారు ఎవరైనా లాక్కెళ్ళేవాళ్ళున్నారా మేడం అని అడిగి, మధ్యలో చెప్పాడు.

కూపను

కంపెనీ ఇలాంటివాటిని ఊరికే వదిలేయదు. విచారణ జరిపింది. బెంగళూరులో ఒక గదిలో కూర్చుని మూడు రోజుల్లో మూలకారణం కనిపెట్టింది. ప్రయాణికుడు తగినంత బ్యాటరీ మిగుల్చుకోకపోవడమే మూలకారణం. అయినా పెద్ద మనసుతో సురేశ్‌కు ఒక కూపను పంపారు. తర్వాతి ఛార్జింగులో రాయితీ. నెల లోపల వాడుకోవాలి. ఉదయగిరి స్టేషనులో మాత్రమే చెల్లుతుంది.

నేను వేరే నివేదిక రాశాను. మిషను ఆరు రోజులుగా పనిచేయలేదని, తెలిసీ టికెట్ మూసింది నేనేనని, మూయమన్నది ఎవరో కూడా రాశాను. ఈసారి బొటనవేలు రాలేదు. కౌశిక్ స్వయంగా వచ్చాడు, డీజిల్ కారులో. ఎలక్ట్రిక్ కారులో రాలేదేం నాయనా అని పెంచలమ్మ అడిగితే, దారిలో ఛార్జింగ్ దొరుకుతుందో లేదో అని నిజాయితీగా చెప్పాడు. మంచివాడని ముందే రాశాను కదా.

అప్పటికి నేను ఉదయగిరి మిషను మెయిన్ స్విచ్ ఆపేసి ఉన్నాను. కరెంటు లేకపోతే సిమ్ము పలకదు. సిమ్ము పలకకపోతే చుక్క బూడిదరంగుకు తిరుగుతుంది. కొండలు దాటేవాళ్ళు ముందే చూసుకుంటారు. నా ముప్పయ్యేళ్ళ ఇంజనీరింగ్ అంతా కలిపి అదీ.

"మెయిన్ ఎందుకు ఆపారు మేడం? నెట్‌వర్క్ మొత్తం స్కోరు పడిపోతోంది."

పనిచేయనిది పనిచేయదని కనపడాలి కదా అన్నాను.

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. మోడెంకు విడిగా చిన్న బ్యాటరీ పెట్టిస్తే మెయిన్ ఆగినా కమ్యూనికేషన్ పోదు అని తేల్చాడు. మాడ్యూళ్ళ కోసం నేను రాసిన ఉత్తరాలు ఏడాదిగా తిరుగుతున్నాయి. ఆ బ్యాటరీ మాత్రం రెండు రోజుల్లో కొరియరులో వచ్చింది.

నేను బ్యాటరీ పెట్టలేదు. పెట్టె తెరిచి సిమ్ము తీసి, కవర్లో వేసి, ఇది పనిచేస్తోంది, మిగతాది పనిచేయడం లేదు అని ఒక కాగితం రాసి, రిజిస్టరు పోస్టులో బెంగళూరుకు పంపాను. ఆ సంవత్సరాంతాన నా కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. నా స్థానంలో వచ్చిన అబ్బాయి సిమ్మునూ బ్యాటరీనీ రెంటినీ బిగించాడని పెంచలమ్మ చెప్పింది. ఇప్పుడు ఆ దారిలో వచ్చే కార్లవాళ్ళు యాప్ చూడటం మానేసి ఆమెకే ఫోన్ చేస్తున్నారట. దోసెలు మాడిపోతన్నాయమ్మా వీళ్ళతో అని విసుక్కుంటుంది గానీ, ఫోను ఎత్తకుండా ఉండదు.

పిల్లలూ, ఈ పనిలో మీకు నేర్పేవన్నీ నేర్చుకోండి. వోల్టేజి ఎలా కొలవాలో, మాడ్యూలు ఎలా మార్చాలో, అవన్నీ నాలుగు నెలల చదువు. పై అధికారి మర్యాదగా అడిగినప్పుడు కాదనడం ఎవరూ నేర్పరు. గట్టిగా అరిచేవాడికి ఎదురు చెప్పడం తేలిక. మేడం, మేడం అంటూ అడిగేవాడి దగ్గరే మనం జారిపోతాం. కౌశిక్‌ను ఇంతసేపు వెక్కిరించాను గానీ, టికెట్ మూయమన్నప్పుడు అతను ఆ మిషను ముందు నిలబడి లేడు. నేను నిలబడ్డాను. చూసి మరీ మూసినదాన్ని నేను.

ప్రొద్దుటూరు

కాంట్రాక్టు ముగిసిన నెలలో సురేశ్‌కు ఫోన్ చేసి, మీ ఇంటికి రావచ్చా అని అడిగాను. ఎందుకని అడగలేదు, చిరునామా పంపాడు. బస్సులో వెళ్ళాను.

వరండాలో సుజాత పదిమంది పిల్లలకు లెక్కలు చెబుతోంది. నన్ను చూసి, కుర్చీ చూపించి, పాఠం ఆపలేదు. భిన్నాలు. ఛేదాలు సమానం చేయకుండా కూడితే ఏమవుతుందో ఒక పిల్ల చేత బోర్డు మీద చేయించి, తప్పు ఆ పిల్ల చేతే పట్టించింది. మంచి టీచరు. నేను ముప్పావుగంట కూర్చుని చూశాను. చూసినకొద్దీ ఇంకా కష్టంగా అనిపించింది.

పిల్లలు వెళ్ళాక చెప్పాను. టికెట్ మూసింది నేనని, ఆ రోజు ఫోన్లో పది నిమిషాలన్నప్పుడే అది పనిచేయదని నాకు తెలుసునని, బస్సు హారను కూడా విన్నానని. ఆమె బోర్డు తుడుస్తూ విన్నది.

"ఇది చెప్పడానికి ఆత్మకూరు నుంచి వచ్చినారా?"

అవునన్నాను.

"దీంతో నాకొచ్చేదేం లేదు మేడం. మీకు కొంచెం తేలికైతాదేమో." ఆ మాట కూడా మామూలుగానే అంది. "నేను ఆ రోజు నుంచి మా ఆయన్నే అంటాన్నా. నువ్వే సరిగ్గా చూసుకోలేదని. రోజూ కాదులే, కోపమొచ్చినప్పుడు. ఆయన ఒక్కసారి కూడా ఎదురు మాట్లాడలేదు."

సురేశ్ లోపల ఉన్నాడు. అతనికి వినపడిందో లేదో తెలియదు. ఆ చుక్క చేసిన నష్టం ఆమె ఉద్యోగంతో ఆగలేదని, ఈ ఇంట్లో ఇన్ని నెలలుగా ఒక మనిషి నా తప్పు మోస్తున్నాడని అప్పుడు తెలిసింది.

ఆమె లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చింది. భర్తనూ పిలిచింది. నేను అతని ఎదుట మొత్తం మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. అతను విని, తల ఊపి, భార్య వైపు చూడకుండా కాఫీ తాగాడు. ఆమె మాత్రం అతని వైపే చూస్తూ కూర్చుంది.

బయల్దేరేటప్పుడు సుజాత గేటు దాకా వచ్చింది.

"ఆ మిషను ఇప్పుడు పనిచేస్తాందా మేడం?"

"పనిచేయదు" అన్నాను.

"చూడండి, అరనిమిషం కూడా పట్టలేదు ఆ మాట చెప్పడానికి" అని గేటు గడియ పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.